ముఖం లేని బేరం

రాయచోటి సంతలో నేను బేరమాడితే
మిరపకాయలోడు ముందు కళ్ళు దించేవాడు,
ఆ తర్వాతే ధర.
ఈ ఫోన్లో ఎవరి కళ్ళు చూడాల?

గురువారం రాత్రి, పిల్లోళ్ళు పడుకున్నాక
వంటింట్లో ఫ్రిజ్ పక్కన కూచొని
తొమ్మిది దినార్లు కొట్టినా.
చక్రం తిరిగి తిరిగి కాదంది.
జహ్రా నుంచి ఓబులేసు మెసేజి:
"పది పెట్టు. యాడికీ పోదులే రూము."
పదీ కాదంది.
పదకొండున్నర అనేసరికి
మామా చెప్పుల చప్పుడు. లైటు ఆర్పేసినా.
చీకట్లో పచ్చగా వెలిగింది: రూము మీదే.
అప్పుడు గానీ హోటలు పేరు చెప్పలేదు,
జీలకర్రబెల్లం పెట్టినాక అడ్డుతెర తీసినట్టు.

పద్నాలుగు నెలలకు దొరికిన శుక్రవారం.
సాల్మియాలో, కౌంటరు కాడ టై కట్టిన పిల్లోడు
మర్యాదగానే అడిగినాడు:
పెండ్లి కాగితం?
నా పాస్‌పోర్టు మా బాబా బీరువాలో,
ఆయనది ఆయన కఫీల్ బీరువాలో.
మొగుడూ పెండ్లామని చెప్పేవి ఆ రెండు పుస్తకాలే,
ఈ దేశమొచ్చినాక
అవి ఒక బల్ల మీద కలిసింది లేదు.

డబ్బు వెనక్కి రాదంట.
"నువ్వన్నా పో, కాళ్ళు చాపుకో" అని
ఓబులేసు కిందనే కారులో కూచున్నాడు.

ఆరో అంతస్తులో తలుపేసుకొని
వేడినీళ్ళు నిండుగా పోసుకున్నా.
నిద్ర రాలేదు.
నలగని దుప్పటినే చేతులు మళ్ళీ సర్దినాయి.
పొయ్యే ముందు
మడత చెదరని రెండో తువాలు తీసి
కొళాయి కింద తడిపి
కమ్మీ మీద ఆరేసినా.
కట్టింది ఇద్దరికి గదా.