నిద్ర పలచబడేంత సేపు

సోమాజిగూడలో వాన.
ఆపరేషన్ గదికి కిటికీ లేదు,
బయట ఆరేసిన గొడుగుల్ని చూసొచ్చాను కాబట్టి తెలుసు.

ఉన్న కిటికీ ఒక్కటే.
బాలనర్సు పుర్రెలో పట్టాభి సార్ తెరిచిన
అరచేయంత కిటికీ.
లోపల మెత్తని నేల మీద
ఇరవై లోహపు చుక్కల పట్టీ పరిచారు.
చుక్కకో తీగ, తీగకో గీత.
గీతలు చదవడం నా ఉద్యోగం.
పందొమ్మిదేళ్ళయింది. వంటింట్లో తప్ప
కత్తి పట్టింది లేదు.

తెర మీద ఏముంది?
నాలుగు సెకన్లు చదును.
చటుక్కున గుప్పెడు అలలు.
మళ్ళీ చదును.
ఎండాకాలం బోరబండలో మా నల్లా లాగ:
గాలి, గాలి,
బుస్సుమని రెండు చెంబులు,
మళ్ళీ గాలి.

"మేడం, నిద్ర ఎక్కువైంది" అన్నాను.
పాలలాంటి ఆ తెల్లమందు
నొప్పిని పడుకోబెట్టింది, మనిషిని పడుకోబెట్టింది,
మేం వెతకడానికొచ్చిన దొంగని కూడా
జోకొట్టి పడుకోబెట్టింది.
వీధి వీధంతా గుర్రుపెడుతుంటే
ఏ తలుపు కొట్టాలి?

ఫర్హానా మేడం పంపు తగ్గించింది.
"పన్నెండు నిమిషాలు."

బాలనర్సు కండక్టరు. కోఠీ నుంచి పటాన్‌చెరు.
ఫైల్లో అతని భార్య సుగుణ చెప్పిన మాటలు,
ఎవరో రెసిడెంటు మార్చకుండా రాసుకున్నాడు:
"ముందుగాల చింతగింజలు మాడిన వాసనొస్తదంటడు.
గంతే, చూపు ఆగిపోతది.
ఏళ్ళు ఆగవు. లేని టికెట్లు చింపుతనే ఉంటడు."
ఓసారి ఎర్రగడ్డ దగ్గర, కదిలే బస్సు మెట్టు మీద.
అప్పట్నుంచి డిపోలో పార్సిళ్ళు రాస్తున్నాడు.

నాలుగో నిమిషం.
అతను మేలుకున్నా చెప్పలేడు,
కండలకి ఇంకో మందు తాళం వేసింది.
నాడి ఒక్కటే సాక్షి.
డెబ్భై రెండు. డెబ్భై ఎనిమిది.
ఆమె ఆ అంకెలకేసి, నేను ఈ గీతలకేసి.
నాకు అతను కాస్త మేలుకోవాలి.
ఆమెకి అస్సలు మేలుకోకూడదు.
ఇద్దరం ఒకే మనిషి మంచే కోరుతున్నాం.

తొమ్మిదో నిమిషంలో
పదకొండో గీత మీద తుమ్మముల్లు.
ఒకటి. ఆగి, ఇంకోటి.
పన్నెండు, పదమూడు దాన్ని అందుకున్నాయి.
"అదేనా?" అన్నారు సార్, తల తిప్పకుండా.

నమ్మకం కోసం ఫర్హానా మేడం
ముళ్ళని రెచ్చగొట్టే మందు ఒక చుక్క ఎక్కించింది.
పదకొండు పూనకమొచ్చినట్టు ఊగింది.
దాంతోపాటు,
అంతదాకా నోరెత్తని పదిహేడు కూడా.

అది అతని ముల్లా?
మందు మొలిపించిన ముల్లా?
దాక్కున్నవాడు బయటికొచ్చాడా,
మేం వేషం కట్టి నిలబెట్టామా?
పదిహేడు కింద మాటలుంటాయి.
పేర్లుంటాయి.

"పదకొండు అతనిదే సార్.
పదిహేడు..." అని ఆగిపోయాను.
పంపు శబ్దం వినబడింది.
సార్ పదకొండు నుంచి పదమూడు దాకా తీశారు.
పదిహేడు వదిలేశారు.
దాని పక్కన నేను ప్రశ్నార్థకం కొట్టాను.
రిపోర్టులో దానికి గడి లేదు, మార్జిన్‌లో కొట్టాను.

నాలుగో రోజు వార్డులో
తలకి కట్టుతో కూర్చుని
నర్సుకి స్టాపులు ఒప్పజెప్తున్నాడు.
కోఠీ. ఆబిడ్స్. నాంపల్లి. లక్డీకాపూల్.
ఆగాడు.

నేను అతని ముఖం చూడలేదు.
వేళ్ళు చూశాను.
గాజు గ్లాసు చుట్టూ ఉన్నాయి, కదలకుండా.

"చాయ్ కాలుతుంది మేడం" అన్నాడు,
ఊదుకుని, ఒక గుక్క తాగి,
"ఖైరతాబాద్."