యాష్‌ట్రే కింది ఆకుపచ్చ

నాలుగు మరల్లో మూడు చెప్పిన మాట విన్నాయి.
నాలుగోది మొండికేసింది.
నూనెచుక్క వేసి, మాతే ఒక గుక్క తాగి వచ్చేసరికి
కాస్త మెత్తబడింది.

యాష్‌ట్రే ఊడింది.
దాని కింద అగ్గిపెట్టెంత చోటు:
డెబ్బై ఏళ్లుగా ఎండ చూడని, చెయ్యి తగలని ఆకుపచ్చ.
మిగతా డాష్‌బోర్డంతా
నాలుగు వాయిలు నీళ్లు పోసి పిండేసిన
మాతే ఆకు రంగు.

యాభై మూడు మోడల్ ఓపెల్.
ఇర్మా బెర్రుట్టి వాళ్ల నాన్న పశువుల డాక్టరు.
పైసాందూ చుట్టూ మట్టిదారుల్లో
అర్ధరాత్రి ఆవుల కాన్పులకి పరిగెత్తిన బండి.
"బయట నీ ఇష్టం. లోపల మాత్రం అదే రంగు" అంది.
అదే అంటే?
"అదే."

తెలుపు సగం డబ్బా. పచ్చ. చిటికెడు పసుపుమట్టి.
నలుపు, గుండుసూది మొనతో.
నలుపుతో జాగ్రత్త,
చుట్టపుచూపుగా పిలిస్తే కాపురం పెట్టేస్తుంది.
తడిమీద ఒకలా ఉంటుంది, ఆరాక ఇంకోలా.
అందుకే అట్టముక్కల మీద కొట్టి, ఆరబెట్టి,
వెనకాల పెన్సిలుతో నంబరు వేస్తాను.

పదకొండో ముక్క ట్యూబులైటు కింద అచ్చుగుద్దినట్టు కలిసింది.
బండిని వాకిట్లోకి నెట్టి చూశాం.
లోపల అన్నదమ్ములు
ఎండలో దాయాదులయ్యారు.

మళ్లీ మొదలు.

ఒక సంగతి ఇర్మాకి చెప్పలేదు.
మార్చిలో నా కుడికంటి శుక్లం తీశారు.
ఎడమది ఇంకా ఆసుపత్రి వరసలో ఉంది.
ఎడమకన్ను మూస్తే లోకం ఉతికి ఆరేసినట్టుంటుంది.
కుడికన్ను మూస్తే
అదే లోకాన్ని డికాక్షన్‌లో ముంచి తీసినట్టు.
నలభై ఏళ్లు రంగులు కలిపి బతికినవాణ్ణి,
ఇప్పుడు నా ముక్కుకి అటొక సాక్షి, ఇటొక సాక్షి.

పనిపిల్లాడు రామిరోని పిలిచాను.
పందొమ్మిదేళ్ల కళ్లు, అప్పు లేని కళ్లు.
ఒక్క క్షణం చూసి "పదిహేడు" అన్నాడు,
ఫోనులోకి తల దూర్చేశాడు.
నా కుడికన్ను కూడా పదిహేడే అంది.

ఇర్మా వచ్చింది. ఎనభై దాటింది.
పదిహేడు చూసి తల అడ్డంగా ఊపింది.
పోనీ ఇదిగో, మీ నాన్నగారి నాటిది, అసలుదే చూడండని
యాష్‌ట్రే బొక్కలోకి టార్చి కొట్టాను.
వంగి చాలాసేపు చూసింది.
"ఇది కూడా కాదు.
ఇంత పచ్చిమిగిలిన జామకాయలా ఉండేది కాదు.
చల్లగా ఉండేది. నుదురు ఆనించుకునేదాన్ని."

కళ్లకి ఆపరేషనయిందా అని అడిగాను.
"భయం" అంది. "సెప్టెంబరులో రమ్మన్నారు."

ఆవిడ వెళ్లాక కుడికన్ను చేత్తో మూసుకుని
ఆ అగ్గిపెట్టెంత చోటుని చూశాను.
నిజమే.
ఏడేళ్ల పిల్ల నుదురు ఆనించిన చల్లదనం
అందులో ఎక్కడా లేదు.

ఇంత నీలం కలిపితే ఆవిడకి దొరికేది.
డబ్బా మూత కూడా తీశాను.
మరి సెప్టెంబరు తర్వాత?
మూత పెట్టేశాను.

పదిహేడే కొట్టాను. పల్చగా మూడు పూతలు.
తీసుకెళ్లడానికి వచ్చినరోజు ఇర్మా
డ్రైవరు పక్కసీట్లో కూర్చుంది.
డాష్‌బోర్డు చూసి "కాదు" అంది, కోపమేం లేదు.
గ్లవ్‌బాక్సు మూత తీసి, వేసింది.
మళ్లీ తీసి, వేసింది.
"చప్పుడు మాత్రం అదే" అంది.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. బేరమాడలేదు.

యాష్‌ట్రే కింద నేను రంగు వెయ్యలేదు.
టేపు అంటించి కాపాడాను, చివర్లో తీసేశాను.
ఎవరు విప్పుతారో, ఎప్పుడు విప్పుతారో,
వాళ్ల కళ్లు ఎలాంటివో.
నాలుగో మరకి మాత్రం
బిగించేముందే నూనె రాశాను.