నలభై ఏడో ప్రశ్న

మైనస్ ముప్పై ఒకటి.
షెడ్డు తలుపు కింది సందులోంచి
మంచు పిండిలా జారి లోపలికొస్తోంది.
నార్త్ డకోటా జనవరికి
మనుషుల మీద కోపమేమీ లేదు,
వాళ్ళున్నారని తెలీదు, అంతే.

వాహనాల మరమ్మతు దళం, మేడ మీద గది.
టెక్ సార్జెంట్ మార్లిస్ ట్వెట్
చేతి తొడుగొకటి పళ్ళతో లాగి
కార్డు దూర్చి, పిన్ను కొట్టి
ఆ సాఫ్ట్‌వేర్ తెరిచింది.
మూడు వందల పన్నెండు ప్రశ్నలు.
శుక్రవారం సాయంత్రానికల్లా అన్నిటికీ రంగు రావాలి.

మంటలార్పే సిలిండర్లు నెలనెలా చూస్తున్నారా?
చూస్తున్నాం. పచ్చ.
కళ్ళు కడిగే కుళాయి వారానికోసారి వదులుతున్నారా?
వదులుతున్నాం, తుప్పునీళ్ళు తేటపడేదాకా. పచ్చ.
జాకీల మీద పరీక్ష తేదీ కనిపిస్తోందా?
ఒకదాని మీద గ్రీజు. గోటితో గీకితే కనిపిస్తోంది.
పచ్చ.

చిత్రమైన పరీక్ష ఇది.
ప్రశ్నపత్రం పైవాళ్ళది,
జవాబులు మనవి, దిద్దుకోవడమూ మనదే,
కాపీ కొట్టలేదని
చివర్న టిక్కు పెట్టేదీ మనమే.
గురివింద గింజను కూర్చోబెట్టి
నీ కిందేముందో నువ్వే రాసిమ్మన్నట్టు.

మేజర్ ప్రూయిట్ చెడ్డవాడేం కాదు.
సోమవారం మీటింగులో
గోడ నిండా పచ్చచుక్కలు చూసి
"వసంతం వచ్చేసిందే" అన్నాడు.
నవ్వారు అందరూ.
కిటికీ అద్దం లోపలివైపు కూడా గడ్డకట్టి ఉంది.

నలభై ఏడు.
కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ
తోడుగా ఒక సీనియరును నియమించారా?
పేర్ల జాబితా జతచేయండి.
జతచేసే ఉంది, నవంబరులోనే.
ఎయిర్‌మన్ డారెల్ ట్సోసీ, అరిజోనా నుంచి.
తోడు: ట్వెట్, ఎం.

కర్సరు కొట్టుకుంటోంది.
నవంబరు ఆ వారం ఆమె ఎక్కడుంది?
గుర్తు రాలేదు. సంతకం మాత్రం తనదే,
చివర ఆ తోకతో సహా.

మెట్లు దిగింది.
మంచు తోసే బండి కింద బూట్లు రెండు.
"ట్సోసీ?"
బూట్లు బయటికొచ్చి మనిషైంది.
ఎడారి చలికి కుట్టిన పల్చటి జాకెట్టు.
"నీ కారేది?"
"హాస్టలు వెనకాల, మేడం. డిసెంబరు రెండున ఆగిపోయింది."
"మరి రోజూ?"
"నడిచే. మైలున్నరే కదా."

ఊరు ఊరంతా ఇక్కడ
రాత్రి ఇంజన్లకి కరెంటు తీగ తగిలించి పడుకుంటుంది.
పాలు పోసే బండి, పాస్టరు గారి బండి,
ఈ షెడ్డులో ఉన్న నలభై బళ్ళూ.
"ఎవరూ చెప్పలేదా?"
"ఎవర్నడగాలో తెలీలేదు."
టోపీ తీసి తల గోక్కున్నాడు.
కుడి చెవి అంచున నల్లగా,
గింజంత.

మళ్ళీ మెట్లు.
నలభై ఏడు: పచ్చ చెరిపింది. ఎరుపు.
వెంటనే ఒక పట్టీ కిందికి జారింది.
కారణం ఎంచుకోండి:
నిధుల కొరత. సిబ్బంది కొరత. శిక్షణ లోపం. ఇతరములు.
ఇతరములు.
రెండు వందల యాభై అక్షరాలకు చోటిచ్చింది.
'తోడు నేనే. వెళ్ళలేదు.' అని రాసింది.
మిగిలిన ఖాళీ తెల్లగా అలాగే ఉంది.

పావుగంటలో ఫోను.
"ట్వెట్, నలభై ఏడు ఎర్రగా ఉంది. చెయ్యి తగిలిందా?"
"నవంబరులో తగిలింది సర్."
అవతల కుర్చీ కిర్రుమంది.
"సరే" అన్నాడు కాసేపటికి. అది ఏ రకం సరేనో
ఆమెకి అంతుపట్టలేదు.

సరిదిద్దడానికి గడువు ముప్పై రోజులని
తెర మీద తనంతట తనే వచ్చింది.

అయిదున్నరకే చీకటి.
హాస్టలు వెనక ఇద్దరూ మంచు తవ్వారు.
బ్యాటరీకి బ్యాటరీ కలిపారు.
ఇంజను ఒకసారి మూలిగింది,
రెండోసారి అదీ లేదు.
"ఇదిగో, తీగ ఇక్కణ్ణించి రావాలి,
బానెట్ ముందుకి, నాలికలా వేలాడుతూ.
రేపు కొత్తది తెస్తా. ఆరుకి నిన్ను ఎక్కించుకుంటా.
గది నంబరెంత?"

చెప్పాడు.
పెన్నులో సిరా గడ్డకట్టిపోయింది.
నంబరు రెండుసార్లు పైకే అనుకుంటూ
తన బండి వైపు నడిచింది.