మూడింట రెండు

నాగరభావి సర్కిల్ దగ్గర దర్శినిలో కుర్చీలుండవు.
ఛాతీ ఎత్తు స్టీలు బల్లల చుట్టూ నిలబడే తినాలి.
ఆదివారం సాయంత్రం ఆరున్నర.
పొద్దున పదింటికి హోంవర్కు ఇచ్చేయాలి.
నా సంచిలో నాలుగు పేజీల నిచ్చెన ఉంది.

నున్నటి గోడ, నున్నటి నేల,
వాటికి ఆనించి వదిలేసిన నిచ్చెన.
జారుతుంది. ఎలా జారుతుందో రాయాలి.
కదిరిలో మా వీధికి సున్నం కొట్టే ఓబులన్ననడిగితే
‘కింద ఎవురన్నా పట్టుకోవల్ల’ అని
ఒక్క ముక్కలో తేల్చేవాడు.

మునిరత్నక్క చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది.
ముళబాగిలు మనిషి.
ఆమె తెలుగులో సగం కన్నడ,
నా కన్నడలో మొత్తం తెలుగు.
రీసెర్చిలో ఐదో ఏడు; ఆమె వాక్యూమ్ పంపు
మూడు వారాలుగా ఎక్కడో గాలి పీలుస్తోందని
డిపార్ట్‌మెంటంతా తెలుసు.
‘ఒక బై టూ’ అని టోకెన్ తీసుకుంది.
ఒక కాఫీ రెండు గ్లాసుల్లోకి సర్దుకుంది.

మొదటి పేజీ గబగబా తిప్పింది.
రెండోది నిదానంగా.
మూడోది పైకెత్తి ట్యూబులైటుకు అడ్డం పెట్టింది.
‘ఈడ ఏముండె?’
‘ఏం లేదక్కా.’
గోటితో గీకింది. వైట్‌నర్ పెచ్చు లేచింది.
కింద చిన్న గీత. మైనస్.

ఆ గీత శనివారం రాత్రి రెండింటికి వచ్చింది,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
మళ్లీ చేశాను. మళ్లీ వచ్చింది.
రూమ్మేట్ గురక పెడుతుంటే
తెల్లరంగు పూసి, ఊది ఊది ఆరబెట్టి
దానిమీద ప్లస్ గీసి పడుకున్నాను.

అక్క తిట్టలేదు.
‘గోడకు చేతులుంటాయా అప్పా?’ అంది.
నేను నోరు తెరిచి నిలబడ్డాను.
‘మైనస్ అంటే గోడ నిచ్చెనను తన పక్కకు లాగుతాంది.
గోడకు తొయ్యడం వస్తుంది.
లాగమంటే యాడ లాగుతుంది?’

కాగితం ఇవ్వబోతే వద్దంది.
నీళ్ల గ్లాసులో వేలు ముంచి బల్ల మీద గీసింది:
గోడ, నేల, కోణం, కోణం పక్కన దాని వేగం.
నాకు రెండో వరుస అర్థమయ్యేలోగా
మొదటి వరుస ఆరిపోయేది.
ఫోను తీసి ఫోటో కొడితే
స్టీలు మీద ట్యూబులైటు ఒక్కటే పడింది.
ఇంతలో బల్లలు తుడిచే కుర్రాడొచ్చి
తడిగుడ్డతో ఒక్క లాగు లాగాడు.
నిచ్చెనా, గోడా, గురుత్వాకర్షణా
బకెట్లోకి పోయాయి.

‘ఇంక నువ్వు గీయి.’

నా వేలికి చట్నీ ఉంది. కడుక్కునొచ్చి గీశాను.
‘నడిమి చుక్క అడ్డంగా పోతాంది కదా, ఎవరు తోస్తే?’
‘గోడ.’
‘తోసినంతసేపూ?’
‘వేగం పెరుగుతుంది.’
‘పెరగడం ఆగిన తావులో?’
కాఫీ అడుగు చుక్క కోసం గ్లాసు వంచి
రోడ్డు వైపు చూస్తోంది,
జవాబు ఆ వచ్చే బస్సులో ఉన్నట్టు.

నేను రెండుసార్లు తడిచేసుకుని
మూడోసారి రాశాను.
సున్నా.
నేలకు తగిలేదాకా గోడనంటుకునే ఉంటుందనుకున్న నిచ్చెన
మొదలైన ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గరే
గోడను వదిలేసింది.
అక్కడినుంచి దానిది వేరే లెక్క.
మైనస్‌ది ఏ తప్పూ లేదు పాపం;
నీ సమీకరణం వెనకే అయిపోయింది, ఆగు
అని చెప్పడానికొచ్చింది.
నేను దాని నోట్లో సున్నం కొట్టాను.

‘మిగతాది సరిగ్గా ఉందా అక్కా?’
‘నాకేం గొత్తు? నేను ఈ లెక్క చేసి ఏడేళ్లాయె’
అని కర్చీఫుతో చేయి తుడుచుకుని
పంపు దగ్గరికి పోయింది.

రాత్రి ఆరు పేజీలయింది. పదికి ఏడు వచ్చాయి.
యూనిట్లు రాయలేదని ఒకటి కోశారు.
మిగతా రెండూ ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఈ ఏడు హిందూపురం నుంచి చేరిన కుల్లాయప్ప
గోళం మీంచి జారే గోలీని తెచ్చాడు.
అంతా కరెక్టే అన్నా, ఒక్కసారి చూడన్నా అన్నాడు.
బై టూ చెప్పాను.
చదవకముందే కాగితాన్ని లైటుకెత్తి పట్టుకున్నాను.
రెండో పేజీ, కిందినుంచి నాలుగో వరుస:
కొంచెం తెల్లగా, కొంచెం మందంగా ఉంది.