తూర్పమ్మ

చండూరు రోడ్డు మీద జిన్నింగ్ మిల్లు.
రాత్రి షిఫ్టుల ముక్కుకు కొంగు గట్టుకొని
పత్తి తొక్కుడు మా పని.
వాచ్‌మన్ ఖాసీం సాబు గదిల పాత డబ్బా టీవీ.
పాటలు పెట్టుమంటే పెట్టడు, ఆటలే పెడుతడు.

గట్ల జూసిన ఒకనాడు
తెల్లటి గుట్ట, తెల్లటి చెట్లు,
కాళ్లకు రెండు కట్టెలు, చేతులల్ల రెండు కట్టెలు,
ఒక పిల్ల ఉరుకుతున్నది.
"గింత పత్తి యాడ పండింది సాబూ?"
"పత్తి గాదే సైదమ్మా, మంచు. నార్వే అంట."
తూర్‌హిల్డ్ అని రాసున్నదట కింద.
సాబుకు నోరు తిరగలే, తూర్పమ్మ అన్నడు.
గదే ఖాయమైంది.

ఆమె నోట్లకెల్లి పొగ
నా నోట్లకెల్లి పత్తి దుమ్ము.

ఆ యేడు నాలుగో నంబరు.
గీత దాటినంక బోర్ల పడ్డది
వీపు ఎగిరెగిరి పడ్డది.
నాలుగో నంబరుకు ఏమిస్తరు సాబూ?
ఏమియ్యరు.

పత్తి పగిలినప్పుడే ఆమె వస్తది
మిల్లు బందైతే ఆమె పోతది
ఇద్దరిదీ ఒకటే సీజను.
ఎండకాలం కట్టెలకు చక్రాలు బిగిచ్చుకొని
డాంబరు రోడ్డు మీద ఉరుకుతదని సాబు చెప్పిండు.
నేనైతే నమ్మలే.

ఒక సంగతి చెప్పాలె.
మా అన్న చేతులల్ల కూడ రెండు కట్టెలు.
చిన్నప్పటి సంది బోరు నీళ్లు తాగిన ఎముకలు.
మర్రిగూడ దిక్కు మస్తుమంది గంతే,
మెడ తిరగదు, మోకాలు వంగదు,
పిలిస్తే మనిషంత తిరుగుతడు.
మంచం నుంచి అరుగు దాకా వచ్చుడే ఆయన పందెం,
దానికి గీత లేదు, బిళ్ల లేదు.

ట్రాలీ ఆటోల ఒకనాడు మిల్లుకు తోలుకొచ్చిన.
తూర్పమ్మ గుట్ట ఎక్కుతున్నది
కట్టె గుచ్చి, పానమంత దాని మీదేసి, మళ్ల గుచ్చి.
అన్న రెప్ప కొట్టలే.
"ఆమె కట్టెను పట్టుకుంటలేదు" అన్నడు.
"నూకుతున్నది."
తెల్లారి అరుగు మీద
తనూ నూకి జూసిండు.
పడ్డడు.
గారపండ్లన్నీ కనపడేటట్టు నవ్విండు.

తర్వాత మూడేండ్లు బంగారమే.
మెడల బిళ్ల తీసి కొరికేది ఫోటోలకు.
అసలుదో నకిలీదో చూస్తున్నదనుకునేదాన్ని.
ఆమె గెలిచిన రాత్రి సాబు చాయ పోసిండు
హమాలోళ్లకు కూడ.

ఒక సీజను రాలే.
కాలిరిగిందేమో అన్నడు సాబు.
గాదు, బిడ్డయి ఉంటది అన్న.
అట్లనే అయింది.
మూడో నెలనాటికే పసిదాన్ని అమ్మకిచ్చి
పత్తి కుప్పెక్కినదాన్ని, నాకెరుక గాదా?
మళ్లొచ్చిన నాడు అందరు కాళ్లు జూసిన్రు
నేను నడుము జూసిన.
ఎక్కుడు కాడ కొద్దిగంత ఆగింది
రవికె సర్దుకున్నట్టు అంగీ సర్దుకున్నది.
ముప్ఫై ఒకటో నంబరు.
గా రాత్రి నాకు అన్నం సయించలే.
మళ్ల యేడు వెండి. ఎవలనుకున్నరు?

నా దగ్గు పెరిగింది.
కుప్ప మీదికెల్లి దింపి ఊడ్చే పనికేసిన్రు,
కూలి తక్కువ.
ఆమె మొఖం మీద గీతలు పడ్డయి,
దగ్గర్నుంచి చూపిస్తే తెలుస్తది.

మొన్నటిది ఆఖరిదట.
ఎనుకకెల్లి ఒక పడుచుపిల్ల వచ్చింది,
అరిచిందో ఏమో,
తూర్పమ్మ పక్కకు జరిగి దోవ ఇడిచింది.
అట్ల ఇడుసుడు నేనెన్నడు జూడలే.
గీత దాటి పడలే ఈసారి.
కట్టెలు రెండూ సంకల కింద పెట్టుకొని
వాటి మీద ఒరిగి నిలబడ్డది
శానసేపు.
మొదటిసారి
కట్టెను పట్టుకున్నది.

సైరన్ మోగింది, లారీ వచ్చింది.
సాబు టీవీ బందు జేయబోతే చేయి పట్టిన.

పొద్దుగాల ఇంటికివోయి అన్నకు చెప్పిన.
ఏం మాట్లాడలే.
కట్టెలు పక్కకు వెట్టి
మనిషంత జరిగిండు ఇంత మేర.
"ఉన్నది గదా" అన్నడు,
"అరుగు మీద జాగ."