మూల

హైదరాబాద్ నుంచి వచ్చినాయన
కండ్లద్దాలు ముక్కు మీదికి జారంగ
సారంగం బొమ్మ ముందర శానసేపు నిలవడి
కింది మూల తెలుపు చూసి
"శూన్యం" అన్నడు.
నేను మేకుల డబ్బల చెయ్యి పెట్టి ఊకున్న.
చట్రాలు కట్టెటోణ్ని, నన్నెవరడుగుతరు?

ముప్పయ్యేండ్ల సంది మట్టెవాడల ఇదే కొట్టు.
బొమ్మల మొఖాలు అందరు చూస్తరు.
నేను చూసేటియి వీపులు.
మేకు కొట్టాలంటే బోర్ల పండవెట్టాలె గద.
ఆ గుడ్డ వెనుక ఏముంటయో మీకెర్కనా?
పాలోని లెక్క. కిరోసిన్ లీటరున్నర.
ఉప్పలమ్మ చేతిరాత: "బియ్యం అయిపోయినయి. బొమ్మ మంచిగుంది."
ఒకదాని మీద చాయ్ గ్లాసు మరక, గుండ్రంగ.
ఇంకోదాని మీద రెండు.
రెండున్నయంటే
అది జహీర్ ఉన్నప్పటి బొమ్మ.

సారంగం పట్టీలు గీస్తడు,
ఎరుపు, నీలం, నడుమ సన్నగ పసుపు.
పేపరోళ్లు పారిస్ అని రాసిండ్రు.
పారిస్ కాదయ్యా, కొత్తవాడ.
ఉప్పలమ్మ జంపఖానా నేసేది.
ఆమె మగ్గం, ఆయన గుడ్డ ఒక్క అర్రల.
ఆమె పంజా కొట్టిన చప్పుడుకు ఆయన కుంచె దిగేది,
ఆమెకు నూలు తెగితే ఆయన గీత ఆగేది.
"గీ గీత వంకర వోయింది" అంటే
కావాలనే పోయిందనేటోడు.
"నేనైతే ఇప్పి మళ్ల నేస్త" అని
ఆమె తలెత్తకుండ అనేది.
తెల్లారి చూస్తే గీత సక్కగుండేది.

పెండ్లికి ముంగట గిర్మాజీపేటల
సారంగానికీ జహీర్‌కూ ఒక్కటే అర్ర, ఒక్కటే స్టాండు.
సినిమా బోర్డు మీద హీరోయిన్ కుడికన్ను ఒకడు, ఎడమకన్ను ఒకడు.
ఆమె జెర మెల్లకన్నుతోనే ఊరంత తిరిగేది.
సొంత బొమ్మలకు వాళ్లకో ఆటుండె:
ఎవడు గీసినా కింద కుడిమూల జానెడు ఇడిచిపెట్టాలె,
రెండోటోడు నింపాలె.
సారంగం గోదారి గీస్తే
జహీర్ మూలకు తెగిన చెప్పు గీసేటోడు.
జహీర్ ఖాజీపేట రైలు గీస్తే
సారంగం మూలకు పల్లికాయ పొట్టు.
నవ్వి నవ్వి దగ్గేటోళ్లు.

ఎందుకు చెడ్డరో నాకు తెల్వదు.
మూడు వందల బాకీ అన్నరు కొందరు,
కార్డు మీద ఒక్కని పేరే అచ్చయిందన్నరు.
ఉప్పలమ్మనడిగితే
దారం కొరికి ఉమ్మింది.

అప్పట్నుంచి సోమారం ఒకడొస్తడు,
బేస్తారం ఒకడొస్తడు.
ఒకడొచ్చినప్పుడు ఇంకొకనిది గోడకు తిప్పి పెడ్త.
పంతొమ్మిదేండ్లు.
అయినా ఇద్దరి బొమ్మలల్ల
కింద కుడిమూల తెల్లగనే ఉంటది.
జానెడు. కొలిచిన,
టేపు నా చేతులనే ఉంటది గద.
చట్రం పావించు మింగుతది,
మిగిలిన తెలుపు మాత్రం ఎవ్వడూ ముట్టడు.
వాడు సుత ఇడుస్తున్నడని వీనికి తెల్వదు.
నేను చెప్పలె.
కట్టెటోడు నోరు సుత కట్టుకోవాలెనని
మా నాయిన అనేటోడు.

మొన్న ముసురుల ఉప్పలమ్మ ఒక్కతే వచ్చింది.
సారంగానికి చెయ్యి వణుకుతుందట.
అడగకుండనే గోడ దిక్కున్న బొమ్మను తిప్పింది.
జహీర్‌ది. నూనె వాసన ఇంకా పోలె.
అండ్ల ఏమున్నదో చూడలె,
సీద మూలకే పోయింది ఆమె చూపు.
బొటనేలు ఆ తెలుపు మీద
ఆనీ ఆననట్టు పెట్టి
"ఇది మా ఇంటి బాకీ" అన్నది.
తర్వాత చట్రానికెంతని అడిగింది.
టేకు పిరమైందన్న.
యాభై తగ్గియ్యమన్నది, తగ్గించిన.

తడవకుండ జంపఖానా ముక్కల చుట్టి
ఆటోలెక్కించింది నేనే.
కట్టిచ్చింది సారంగం బొమ్మ కాదు.
ఆమె అడగలె, నేను చెప్పలె.

బేస్తారం జహీర్ వస్తే
కట్టె ఇంకా ఎండలేదని చెప్త.
ఇంకో సోమారం పడ్తదని చెప్త.