గుడ్డెలుగు గుట్ట

ఎల్కతుర్తి దాటినంక ఎడమ చేతికి
మా ఊరి మట్టితొవ్వ ఆగిపోయిన కాడ
సారు సిమెంటు తొవ్వ మొదలైతది.
అక్కణ్ణుంచి నా ట్యాంకరుకు ఫస్ట్ గేరే.
ఏడు మలుపులు.
అయిదో మలుపు కాడ ఇంజను దగ్గుతది
"ఓదెల మల్లన్నా" అంట
మళ్ల ఎక్కుతది.

కొన మీద అద్దాల ఇల్లు.
గోడ లేదనుకోని గువ్వలొచ్చి గుద్దుకుంటయి.
బూదవ్వ పొద్దుగాల్నే చేటల ఎత్తుకపోయి
సీతాఫలం చెట్ల కింద పాతిపెడ్తది.
ఎన్నయినయే అవ్వా అంటే
"లెక్కపెడ్తే ఈడ పనిజెయ్యబుద్ధి గాదు కొడుకా."

గేటు మీద ఇత్తడక్షరాల ఇంగ్లీషు పేరు.
మాకు మాత్రం అది గుడ్డెలుగు గుట్టనే.
చిన్నప్పుడు తాతనడిగిన, ఏవి మరి ఎలుగులని.
"ఉండేటియిరా.
క్వారీల తూటాలు పేల్తుంటె ఎవలుంటరు?"

సారు ఏడాదికి నాలుగుసార్లు వస్తడు,
రెండు పూటలుంటడు.
వంటింటి బండ ఇటలీదంట.
పక్క గుట్టను కోసి లారీలకెత్తిన చెయ్యి నాది,
ఒకసారి దొంగతనంగ ముట్టి చూసిన.
చల్లగున్నది. బండ బండనే.

కొలనుకు అంచు కనవడది.
నీళ్లు అట్లనే పోయి మొగులుల కలిసినట్టుంటయి.
అవి యాడికెళ్లొచ్చినయో నాకెరుకే:
మా పెద్దబాపు బోరు,
ఆరువందల యాభై ఫీట్లు,
అర్ధగంట పోసి గంటసేపు పండుకునే బోరు.
నిండనీకి పద్నాలుగు ట్రిప్పులు.
నిండినంక వారానికి రెండు.
ఈ ఎండకాలం నాలుగైనయి.
ఎందుకైనయో సమజుగాలే.

ఆ ఇంటి బయటి లైట్లకు స్విచ్చిల్లేవు,
అలికిడైతే చాలు వాటంతట అవే వెలుగుతయి.
ఉగాది ముందట ఒకనాటి రాత్రి
కరెంటు పోయి మేమంత వాకిట్ల కూసున్నం,
పైన వరండ వెలిగింది,
మెట్లు వెలిగినయి,
కొలను చుట్టు నీలం దీపాలు
ఒక్కొక్కటే, ఎదుర్కోళ్లు నడిచొస్తున్నట్టు.
"సారొచ్చిండు" అన్నరు.
మా తొవ్వ సంగతి అడగాలని వార్డుమెంబరు మొండయ్య
ఇస్త్రీ అంగి తీసి దండెం మీదేసుకున్నడు.

తెల్లారి ట్యాంకరు తోలుకపోతె
కారు లేదు.
బూదవ్వ కొలను గట్టుకు మోకాళ్ల మీద కూసోని
తడి అడుగులు చూస్తున్నది.
మనిషి పాదమసోంటియే.
అయిదు వేళ్లు.
ప్రతి వేలు ముందట ఒక గీరు.

కెమెరల చూసినం ఇద్దరం.
నల్లగ, నింపాదిగ,
రిజిస్ట్రీ కాయితం చేతులున్నోని లెక్కనే వచ్చింది.
అద్దం ముందట ఆగింది.
లోపలున్నదెవలో చూసి
నచ్చక, మొఖం తిప్పుకున్నది.
ముందటి కాళ్లు మెట్టు మీద పెట్టి
తాగింది, తాగింది.
వీపు మీద రెండు పిల్లలు,
ఒకటి జారిపడి మళ్ల ఎక్కింది.

బూదవ్వ ఏమనలే.
కొలనుల కలిపే తెల్లమందు డబ్బకు
గట్టిగ మూత పెట్టి
పరుపుల రూముల దాసింది.
అప్పటిసంది రోజూ మాపటీలి
కెమెర మీద ఆమె చీర ఆరుతుంటది.

పోయిన నెల సారు ఫోను.
"నీళ్ల బిల్లు డబలెందుకైందయ్య?"
నా నోటికి అబద్ధం అంత తొందరగ రాదు,
ఆనాడు వచ్చింది.
"గుట్ట మీద ఎండ జాస్తి సార్,
ఆవిరైతున్నయి."
కొద్దిసేపు చప్పుడు లేదు.
"సరే, పొయ్యి" అన్నడు.

రాత్రి మిద్దె మీద పండుకున్న.
గుట్ట కొనకు వరండ వెలిగింది,
తర్వాత మెట్లు,
తర్వాత నీలం.
"బాపూ, సారొచ్చిండా?" అన్నది మా చిన్నది
నిద్రల.
"ఆఁ. పిల్లలను తోలుకొచ్చిండు."

పొద్దుగాల
ఇంకొక ట్రిప్పు వెయ్యాలె.